బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు

మొన్న ఎండాకాలంలో హనుమకొండలో ఒక క్లినిక్‌కు వెళ్ళాను. కాజీపేట నుంచి ఎండలో స్కూటర్ మీద వచ్చి, రెండంతస్తుల మెట్లెక్కి, కుర్చీలో కూర్చున్నానో లేదో చేతికి పట్టీ చుట్టారు. 158/96. "సార్, మీకు బీపీ ఉంది" అన్నారు. ఇంటికొచ్చేదాకా ఒకటే టెన్షన్. మర్నాడు పొద్దున ఇంట్లో మిషన్‌తో చూసుకుంటే 128/80. సాయంత్రం ఛాయ్ తాగగానే చూస్తే పైఅంకె 141. మరి వీటిలో నా బీపీ ఏది?

అన్నీ నావేనట! రక్తపోటు మన ఎత్తులాగా ఒక్కసారి కొలిచి రాసుకునే అంకె కాదు. గుండె కొట్టుకున్నకొద్దీ మారుతూ ఉంటుంది. నిద్రలో దిగుతుంది, మెట్లెక్కితే లేస్తుంది, మూత్రం ఆపుకొని కూర్చున్నా లేస్తుంది.

ఈ అంకె వెనుక కథ నాకు చాలా నచ్చింది. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు చర్చి ఫాదర్ గుర్రం ధమనికి పొడుగాటి గాజు గొట్టం అమర్చి చూస్తే, రక్తం అందులో ఎనిమిది అడుగుల పైకి లేచింది. ఆ సంగతి 1733లో అచ్చులో వచ్చింది. మనుషులకు అంత గొట్టం పెట్టలేం కదా! తర్వాత గొట్టంలో పాదరసం వాడారు. అది నీళ్ళకంటే 13.6 రెట్లు బరువు కాబట్టి గొట్టం పొట్టిదైపోయింది. మనం 120 అనేది 120 మిల్లీమీటర్ల పాదరసం. అదే నీళ్ళతో కొలిస్తే 163 సెంటీమీటర్లు, అంటే ఒక మనిషంత ఎత్తు. మన గుండె ప్రతి దెబ్బకూ అంత నీటిని నిలబెట్టే బలం చూపిస్తోందన్నమాట.

చేతికి పట్టీ చుట్టే పద్ధతి 1896లో ఇటలీ డాక్టరు రివా-రొచ్చి తెచ్చాడు. 1905లో రష్యా డాక్టరు కొరొత్కోవ్ పట్టీ కింద స్టెతస్కోప్ పెట్టి విన్నాడు. గాలి బిగిస్తే రక్తం ఆగి చప్పుడుండదు. మెల్లగా వదులుతుంటే నలిగిన ధమనిలోంచి రక్తం దూసుకొస్తూ టక్ టక్‌మంటుంది. మొదటి చప్పుడు పైఅంకె, చప్పుడు ఆగిన చోటు కిందిఅంకె.

చేయి ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు చెరువులున్నాయి. పాకాల కట్టయినా, మన ఊరి చెరువు కట్టయినా పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఉంటుంది. లోతు పెరిగినకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి. ఒంట్లో రక్తానిదీ అదే లెక్క. చేయి గుండెకంటే పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే అంకె ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అందుకే చేతిని టేబుల్ మీద, గుండెకు సమానంగా పెట్టాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీదే చుట్టాలి.

డాక్టరు ముందు మాత్రమే బీపీ పెరిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. క్లినిక్‌లో మామూలుగా ఉండి ఇంట్లో పెరిగేవాళ్ళూ ఉన్నారు. నాకు రెండోవాళ్ళ గురించే ఎక్కువ భయం, వాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి. మా డాక్టరు వారంపాటు పొద్దున, సాయంత్రం రెండేసి సార్లు చూసి రాయమన్నారు. మొదటి రోజువి పక్కన పెట్టి మిగతావాటి సగటు తీస్తారు. ఇంట్లో ఆ సగటు 135/85 దాటితే ఎక్కువున్నట్టే. నాది 131/82 వచ్చింది. మందు ఇప్పుడే వద్దు, ఆవకాయ తగ్గించి రోజూ నడవమన్నారు. ఇప్పటికే గోళీలు వేసుకునేవాళ్ళు మాత్రం ఇంట్లో అంకె బాగుందని సొంతంగా మానేయొద్దు. ఆ గోళీ వల్లే అది బాగుండి ఉండొచ్చు.

ఇప్పుడు మా అమ్మకు కూడా నేనే చూస్తున్నాను. ఛాయ్ తాగి అరగంట కావాలి, వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మాట్లాడినా అంకె పెరుగుతుంది. "ఐదు నిమిషాలు మాట్లాడకుండ కూసునుడు నాతోని కాదు బిడ్డా" అంటుంది. మొదటి రోజు వాకిట్లోకి వచ్చిన పక్కింటామెతో మాట్లాడుతుండగా 152 వచ్చింది. ఆమె వెళ్ళాక, అమ్మ కళ్ళు మూసుకొని కూర్చున్నాక 138. ఆ కుర్చీలో కూర్చుంటే అమ్మ కాళ్ళు నేలకు ఆనడం లేదని మూడో రోజు గమనించాను. అలా వేలాడినా అంకె తేడా వస్తుంది. వంటింట్లోంచి పీట తెచ్చి ఆమె కాళ్ళ కింద పెట్టాను.