నాలుగు కోట్ల అంకెలను ఎవరు భాగించారు?

దేవరకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే మిత్రుణ్ణి తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న నా దాకా వచ్చింది: “సార్, 91 ప్రధాన సంఖ్య కాదని తేల్చడానికే 2, 3, 5, 7 లతో వరసగా భాగించి చూస్తం కదా, మరి నాలుగు కోట్ల అంకెలున్నదాన్ని ఎవరు భాగించి చూసిండ్రు?”

అలా చివరిదాకా ఎవరూ భాగించి చూడలేదు. 2024 అక్టోబరులో గింప్స్ అనే ఔత్సాహికుల ప్రాజెక్టు, అప్పటికి తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్యగా ప్రకటించిన ఆ సంఖ్య, 13,62,79,841 రెండ్లను గుణించి ఒకటి తీసివేస్తే వస్తుంది. అందులో 4,10,24,320 అంకెలున్నాయి. మామూలుగా భాగిస్తూ పోతే దాని వర్గమూలం దాకా, అంటే రెండు కోట్ల అంకెల సంఖ్య దాకా వెళ్లవలసి ఉంటుంది కాబట్టి, ఆ దారి ఏ యంత్రానికీ సాధ్యం కాదు.

ఇలా రెండ్లను గుణించి ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్యలకు మాత్రమే పనికొచ్చే ఒక పరీక్షను ఫ్రాన్స్ గణితవేత్త లుకాస్ 1870లలో కనిపెట్టగా, అమెరికాకు చెందిన లేమర్ 1930లలో దానికి నేటి రూపమిచ్చాడు. 4 తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షించవలసిన సంఖ్యతో భాగించగా మిగిలిన శేషాన్ని మాత్రమే ఉంచుకుని, మళ్లీ అదే పని చేయాలి. ఘాతాంకం, అంటే గుణించిన రెండ్ల లెక్క, బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు, దానికన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేశాక శేషం సున్న అయితేనే అది ప్రధాన సంఖ్య. ఏడు రెండ్ల లబ్ధం 128 కాబట్టి 127 కు అయిదు సార్లు చాలు: 4 నుంచి 14, 67, 42, 111, చివరికి 0.

నన్ను మురిపించేది ఆ శేషం వచ్చే తీరు. 67 వర్గంలోంచి 2 తీసివేస్తే 4487. అందులో 128 లు 35 పోగా 7 మిగులుతుంది. 35 కు 7 కలిపితే 42, అదే శేషం. 9 తో భాగిస్తే వచ్చే శేషం కోసం చిన్న తరగతుల్లో అంకెలన్నీ కూడతామే, ఇదీ అంతే: అక్కడ 10 ని 9 తో భాగిస్తే 1 మిగిలినట్లు ఇక్కడ 128 ని 127 తో భాగిస్తే 1 మిగులుతుంది. కంప్యూటరు సంఖ్యలను రెండ్ల ఘాతాల్లోనే రాసుకుంటుంది కనుక దానికి ఇక భాగహారమే లేదు, పై సగాన్ని కోసి కింది సగానికి కలపడమే. ఈ కోత, ఈ కూడిక బడి పిల్లలకు ఒక పీరియడ్‌లో చెప్పవచ్చు.

అయితే ఈ పరీక్ష ఒక సంఖ్య ప్రధానం కాదని తేల్చినప్పుడు ఎందుకు కాదో చెప్పదు. 67 రెండ్ల లబ్ధంలోంచి ఒకటి తీసిన సంఖ్య ప్రధానం కాదని లుకాస్ 1876లోనే తేల్చాడు గాని, దాని కారణాంకాలు 193707721, 761838257287 అని అమెరికా గణితవేత్త కోల్ బయటపెట్టింది 1903లో.