పేరు మార్పు వేరు, పేరు సవరణ వేరు: అపోహలు – వాస్తవాలు

హన్మకొండ అదాలత్‌లో వకీలుగా పనిచేస్తున్న నా దగ్గరికి, చేతిలో స్టాంపు పేపరు పట్టుకొని "పేరు మార్చుకున్న సార్, అయినా ఆఫీసుల ఒప్పుకుంటలేరు" అంటూ వచ్చేవారు లేని వారం ఉండదు. ఆ కాగితం చదివాక చాలామంది విషయంలో నాకు తేలేది ఒక్కటే: వారికి అసలు పేరు మార్పు అవసరమే లేదు, అవసరం లేని ఆ మార్పు వల్లనే ఇప్పుడు కొత్త చిక్కు వచ్చిపడింది.

ఆధార్‌లోనో బ్యాంకు పుస్తకంలోనో పేరు తప్పుగా పడితే, నోటరీ దగ్గర పేరు మార్పు అఫిడవిట్ (ప్రమాణ పత్రం) రాయించి గెజిట్‌లో, అంటే ప్రభుత్వం ప్రచురించే అధికారిక పత్రికలో, వేయిస్తే అన్నీ సర్దుకుంటాయన్నది నేను చూసిన అపోహలన్నింటిలో జనాన్ని ఎక్కువగా నష్టపరుస్తున్నది. మీ పేరు పుట్టినప్పటి నుంచీ ఒక్కటే అయి ఉండి, ఎవరో దానిని తప్పుగా నమోదు చేస్తే, మీకు కావలసింది సవరణ. నిన్నటిదాకా మీకున్న పేరును మీ ఇష్టప్రకారం వదిలి మరొకటి పెట్టుకుంటే, అది మార్పు. సీబీఎస్‌ఈ సర్టిఫికెట్లకు సంబంధించిన జిగ్యా యాదవ్ కేసులో 2021లో సుప్రీంకోర్టు కూడా ఈ రెండింటినీ విడదీసే చూసింది. ఇతర ప్రభుత్వ రికార్డుల ఆధారంతో కోరే సవరణకు ఒక దారి, సొంత నిర్ణయంతో కోరే మార్పుకు మరొక దారి చూపింది.

ఉదాహరణకు ఒకరి పదో తరగతి మెమోలో, ఓటరు కార్డులో కొమురయ్య అని ఉండి, ఆధార్‌లో మాత్రం కుమార్ అని పడిందనుకుందాం. ఓటరు కార్డు వంటి చెల్లుబాటయ్యే గుర్తింపు పత్రం చూపి ఆధార్‌ను సరిచేయించుకోవడమే మొదట ప్రయత్నించవలసిన పని. అలా కాకుండా ఆయన "ఇదివరకు నా పేరు కుమార్, ఇకమీదట కొమురయ్య" అని ప్రమాణం చేసి సంతకం పెడితే, ఎన్నో ఏళ్ల కింద పదో తరగతి పాసైన కొమురయ్య తాను కాదని తన చేతితో తానే రాసిచ్చినట్టు అవుతుంది. రేపు పాస్‌పోర్టు దగ్గర అధికారి "మీరు కుమార్‌గా ఉన్నప్పటి మెమో ఏది?" అని అడిగితే చూపడానికి ఆయన దగ్గర ఏమీ ఉండదు, ఎందుకంటే అటువంటి మెమో ఏనాడూ లేదు.

ఈ పొరపాటు ఎంత బాధ పెడుతుందో నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా నాయన ప్రభుత్వ ఉపాధ్యాయుడు. ఆయన సర్వీసు రిజిస్టరులో మా అమ్మ పేరు వెంకటలక్ష్మి అని, ఆమె బ్యాంకు ఖాతాలో ఉత్త లక్ష్మి అని ఉండేది. నాయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం, అప్పుడే వృత్తిలోకి వచ్చిన నేను, అమ్మ లక్ష్మి అనే పేరును వెంకటలక్ష్మిగా మార్చుకున్నట్టు అఫిడవిట్ తయారుచేశాను. భర్త మరణం తర్వాతి తేదీతో వెంకటలక్ష్మి అయిన మనిషి, అంతకు ముందే రిజిస్టరులో భార్యగా నమోదైన వెంకటలక్ష్మి ఎట్లా అవుతుందని ఆ కార్యాలయంలో అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమే. రెండు పేర్లూ ఒకే మనిషివని, మొదటి నుంచీ రెండు తీర్లా రాస్తూ వచ్చారని చెప్పే అఫిడవిట్‌ను పాత ఆధారాలతో కలిపి ఇచ్చాక పని జరిగింది, కానీ ఆ మధ్య నెలల్లో అమ్మ పడ్డ అవస్థ నేను మరిచిపోలేదు.

అందువల్ల ఇలా వచ్చినవారిని నేను తప్పుపట్టను. టైపింగ్ సెంటర్లలో ఒకే నమూనా కాగితం సిద్ధంగా ఉంటుంది, అందులో పేర్లు మాత్రం మారుస్తారు, సంతకం పెట్టేవారికి చదివి వినిపించరు. మన దిక్కు పేర్లలో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా ఉంటుంది; సమ్మయ్య, సారమ్మ, కొమురయ్య వంటి పేర్లను ఇంగ్లీషులో ఒక్కో రికార్డులో ఒక్కో తీరుగా రాస్తారు. ఇవన్నీ సవరణలే. పైగా ఆధార్‌లో పేరును మామూలు పద్ధతిలో జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు కనుక, తొందరపడి ఒక అవకాశాన్ని పోగొట్టుకోకూడదు.

ఇక నిజంగా పేరు మార్చుకోవాలనుకునేవారి సంగతి. వరుసగా పిల్లలు దక్కని ఇండ్లలో, ఈ బిడ్డయినా బతకాలని పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టేవారు. ఆ పేరుతో కాలేజీలో, ఉద్యోగంలో నవ్వులు భరించి నా దగ్గరికి వచ్చినవారున్నారు, మార్చుకోవడం వారి హక్కు. అయితే నోటరీ ముద్రతో పేరు మారిపోదు. ప్రమాణం చేసింది మీరేనని మాత్రమే నోటరీ ధ్రువీకరిస్తారు. అఫిడవిట్, దినపత్రికల్లో ప్రకటన, ఆపైన గెజిట్ అన్నది క్రమం. రాష్ట్ర గెజిట్ పని హైదరాబాద్ చంచల్‌గూడలోని ముద్రణ శాఖ చూస్తుంది, కేంద్ర గెజిట్ పని ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణ శాఖ చూస్తుంది. గెజిట్ కూడా ప్రభుత్వం ఇచ్చే అనుమతి కాదు, అది మీ ప్రకటనే. ఇటువంటి ప్రకటనలు వచ్చే కేంద్ర గెజిట్ నాలుగో భాగంలో, వీటికి చట్టపరమైన బాధ్యత తాము వహించబోమని ప్రచురణకర్తలే ముద్రిస్తారు.

గెజిట్ రాగానే పదో తరగతి మెమోలో పేరు మారదు, పాత మెమో చెల్లకుండానూ పోదు. మెమోను, గెజిట్‌ను కలిపి చూపడమే మామూలు పద్ధతి. బోర్డు రికార్డులోనే మార్చాలని మీరు పట్టుబడితే, కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) కూడా తెమ్మని బోర్డు అడగవచ్చని పైన చెప్పిన తీర్పే అంటున్నది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. పేరు చివరి కులసూచకం తీసేస్తే కుల ధ్రువీకరణ పత్రం రద్దు కాదు. పేరు మారితే అప్పులు, కేసులు పోతాయన్నది ఉత్త పుకారు. పాన్ నంబరు, ఆధార్ నంబరు అవే ఉంటాయి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టం కింద జిల్లా మెజిస్ట్రేట్ ఇచ్చే గుర్తింపు పత్రం ఆధారంగానే పేరు మార్చుకునే హక్కు ఉంది. ప్రతి పేరు మార్పుకూ కోర్టుకు పోనక్కరలేదు. ఎవరైనా మీ గుర్తింపును కాదన్నప్పుడు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 34వ సెక్షను కింద, మీరెవరో కోర్టే ప్రకటించాలని కోరే డిక్లరేషన్ దావా వేయవచ్చు.

సింగరేణి కుటుంబాలకు మాత్రం ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. వెనుకటి రోజుల్లో ఇంకొకరి పేరుతో గనిలో చేరినవారి పిల్లలు, ఆ మారుపేరును పేరు మార్పు అఫిడవిట్‌తో సరిచేయవచ్చని ఎవరో చెప్పగా భూపాలపల్లి నుంచి, గోదావరిఖని నుంచి వస్తుంటారు. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది, కానీ ఆ తండ్రి తన పేరు మార్చుకోలేదు, మరొక మనిషి పేరుతో పనిచేశాడు. "మార్చుకున్నాను" అని ప్రమాణం చేస్తే అది అబద్ధపు ప్రమాణమవుతుంది, దానికి శిక్ష ఉంది. అటువంటివారు ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే, ఉద్యోగంలో చేరినప్పటి రికార్డులు, ఊరి ఓటరు జాబితాలు, పట్టాదారు పాసుపుస్తకం పట్టుకొని ఒక వకీలుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.