కథ మీదే, కాగితం ఏదీ?

నల్లగొండలో వకీలుగా పనిచేస్తున్నా. సినిమా కథలు రాసే పిల్లలు అప్పుడప్పుడు ఫైలు చంకన పెట్టుకుని వస్తుంటారు. అందరివీ దాదాపు ఇవే అనుమానాలు.

అపోహ: పాయింట్ (కథకు మూలమైన ఆలోచన) నాది, ఇంకెవరూ తీయొద్దు.

వాస్తవం: పాయింట్ ఎవరి సొత్తూ కాదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. తన నాటకాన్ని సినిమాగా తీశారని వచ్చిన రచయిత ఆ కేసు ఓడిపోయాడు. పాలమూరు నుంచి ముంబయికి వలసపోయిన మేస్త్రీ కథ ఎవరైనా రాయొచ్చు. కానీ మీ మేస్త్రీ పోయే ముందు కూతురిని గోడకు నిలబెట్టి బొగ్గుతో గీత గీశాడు, తిరిగొచ్చేసరికి ఆ పిల్ల గీత దాటి జానెడు పెరిగింది అనుకోండి. ఆ సీను, దాని ముందూ వెనకా సీన్లు, మాటలు అదే వరుసలో ఇంకో సినిమాలో కనబడితే అప్పుడు మాట్లాడొచ్చు. దేవరకొండ నుంచి ఒకతను అర పేజీ 'లైన్' తెచ్చి కేసు వేయమన్నాడు. ముందు మొత్తం రాసుకుని రమ్మన్నా. అలిగి పోయాడు.

అపోహ: రిజిస్టర్ చేయకపోతే హక్కు లేదు.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన నాడే హక్కు వస్తుంది. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ సాక్ష్యానికి పనికొస్తుంది కాబట్టి చేయించుకోండి. మీకు మీరే రిజిస్టర్ పోస్టు పంపుకుని కవరు దాచుకోవడం మాత్రం చట్టంలో ఎక్కడా లేదు.

అపోహ: అడ్వాన్స్ తీసుకున్నామంటే కథ వాళ్లదైపోయినట్టే.

వాస్తవం: హక్కులు రాసివ్వాలంటే కాగితం ఉండాలి, దాని మీద సంతకం ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లే. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియాకే. ఏడాదిలోగా ఆ హక్కుల్ని వాడుకోకపోతే అగ్రిమెంటు చెల్లదు. వేరేగా రాసుకుంటే తప్ప! 'శాశ్వతంగా', 'ప్రపంచవ్యాప్తంగా' అన్న మాటలు ఊరికే పెట్టరు. టెన్షన్‌లో ఆ పేజీ తిప్పేసి సంతకం పెట్టకండి. అన్నీ అమ్మేసినా, రాసింది నేనే అని చెప్పుకునే హక్కు మాత్రం 57వ సెక్షన్ కింద మీ దగ్గరే ఉంటుంది.

అపోహ: కేసంటే హైదరాబాద్ చుట్టూ తిరగాలి.

వాస్తవం: అక్కర్లేదు. 62వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే జిల్లా కోర్టులోనే వేయొచ్చు. వచ్చేటప్పుడు స్క్రిప్టు ఎవరికి, ఏ రోజు పంపారో చూపే మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు తీసుకురండి. ఫోన్ మార్చినప్పుడు అవన్నీ పోయాయి సార్ అనేవాళ్లే నాకు ఎక్కువమంది తగులుతున్నారు.