పెళ్లి రద్దు, దస్తావేజు రద్దు: జనం అనుకునేది ఒకటి, చట్టం చెప్పేది ఒకటి

అపోహ: ఏడాదిలోపైతే పెళ్లి క్యాన్సిల్ చేయించుకోవచ్చు.

మా ఆఫీసుకి వచ్చేవాళ్లలో సగం మంది ఈ మాటతోనే కూర్చుంటారు. "మాకు పడట్లేదు సార్" అంటే అది విడాకుల సంగతి. రద్దుకి హిందూ వివాహ చట్టం సెక్షన్ 12లో ఉన్న కారణమే ఉండాలి: మోసంతోనో బలవంతంగానో ఒప్పించడం, నపుంసకత్వం వల్ల కాపురం జరగకపోవడం, పెళ్లినాటికే వేరొకరి వల్ల గర్భం, ఇలాంటివి. మోసం కేసులో ఏడాది లెక్క మొదలయ్యేది పెళ్లిరోజు నుంచి కాదు, మోసం బయటపడిన రోజు నుంచి.

ఒక పెద్దాయన కూతుర్ని తీసుకొచ్చాడు. అల్లుడికి ముందే ఒక పెళ్లయి విడాకులైన సంగతి దాచారట. కేసు బలంగానే ఉందనుకుంటూ ఫోన్‌లో ఫొటోలు తిరగేస్తుంటే, విషయం తెలిసిన రెండు నెలలకి ఇద్దరూ నవ్వుతూ దిగిన ఊటీ సెల్ఫీ కనిపించింది. తెలిశాక కూడా ఇష్టపడి కాపురం చేస్తే ఇక ఆ కారణం మీద రద్దు అడగడానికి లేదు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. "పెద్దమనుషులు సర్దుకోమన్నారు సార్" అన్నాడాయన, పాపం.

అపోహ: మొదటి భార్య ఉండగా చేసుకున్న పెళ్లి ఎలాగూ చెల్లదు, ఇక కోర్టెందుకు?

చెల్లదు, నిజమే. కానీ రేపు ఎవరైనా కాగితం అడిగితే చూపించడానికి, పెళ్లి చెల్లదని కోర్టు ఇచ్చిన డిక్రీ (తీర్పు పత్రం) ఉండాలి కదా. పిల్లలు మాత్రం సక్రమ సంతానమే, తల్లిదండ్రుల ఆస్తిలో వాళ్లకి హక్కుంటుంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రి వాటాకి వచ్చేదాంట్లో కూడా ఉంటుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లని పెళ్లి కాబట్టి భరణం రాదనుకోవడమూ తప్పే, కోర్టు ఇవ్వొచ్చని 2025లో సుప్రీంకోర్టే తేల్చింది.

మేనమామని చేసుకున్న పెళ్లి కూడా చెల్లదా? ఆచారం ఉన్న కుటుంబాల్లో చెల్లుతుంది, టెన్షన్ పడకండి.

అపోహ: మోసపోయి స్థలం అమ్మాను, రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి రద్దు దస్తావేజు రాసేస్తే సరి.

కుదరదండీ. మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే, తోట గంగాలక్ష్మి కేసు, 2010, అమ్మినవాడు ఒక్కడే వెళ్లి రాసిన రద్దు పత్రానికి విలువ లేదని సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇద్దరూ ఒప్పుకుని రావాలి, లేదంటే కోర్టు ఉత్తర్వు కావాలి. మోసం తెలిసినప్పటి నుంచి మూడేళ్లలో సివిల్ కోర్టుకి వెళ్లాలి. పెళ్లి కేసులో ఏడాది, ఇక్కడ మూడేళ్లు. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లని నేను ముందు అడిగేది "ఏం జరిగింది" అని కాదు, "ఎప్పుడు తెలిసింది" అని.