తక్కువైన ఆ ఒక్క ఏడాది: గోదావరి డెల్టాలో ఐటీ సర్టిఫికెట్ వెనుక కథ

బీఎస్సీ పూర్తిచేసిన అమ్మాయి అమెరికా విశ్వవిద్యాలయంలో ఐటీ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చదువుతానంటే కోనసీమలో ఇంటి పెద్దలు ముందుగా అడిగేది ఒకటే: "అది డిగ్రీయేనా?" కాదు. డిగ్రీ అయ్యాక చదివే చిన్న కోర్సు. నాలుగు నుంచి ఆరు సబ్జెక్టులు, సాధారణంగా 12 నుంచి 18 క్రెడిట్లు. క్రెడిట్ అంటే ఒక్కో సబ్జెక్టు బరువును కొలిచే లెక్క. డేటాబేస్‌లు, నెట్‌వర్కులు, సమాచార భద్రత, ప్రాజెక్టు నిర్వహణ వంటివి ఉంటాయి. మాస్టర్స్‌కు కనీసం 30 క్రెడిట్లు కావాలి కనుక ఇది అందులో సగానికి అటూఇటూ. ఆ సగం చదువుకు డాలర్లలో ఫీజు కట్టడం దేనికని పెద్దలు అడిగితే తప్పు పట్టలేం. ఇలాంటి కాగితాలను ఈ నేల చాలా చూసింది. కొన్ని అన్నం పెట్టాయి, కొన్ని అటకెక్కాయి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువల వెంట వరి వచ్చింది, వరి వెంట చదువు వచ్చింది. 1884 నాటికి కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాల ఉంది. ఆ చరిత్ర అందరికీ తెలిసిందే కనుక సర్టిఫికెట్ సంగతికి వస్తాను. నా దృష్టిలో ఐటీ సర్టిఫికెట్‌కు ముత్తాత టైపు ఇన్‌స్టిట్యూట్. భీమవరం, తణుకు, అమలాపురం, ఎక్కడైనా అదే దృశ్యం. వీధివైపు గది, గోడ వారగా వరుసగా యంత్రాలు, తెల్లవారుజామునుంచే టకటక. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కే జే హెచ్ జే. వరుస చివరికి రాగానే గంట మోగేది, ఎడమచేత్తో మీట లాగితే కాగితం పైకి జరిగేది. బీఏ, బీకాం అయినవాళ్లు బ్యాంకు కోసమో కలెక్టరేటు కోసమో లోయర్, ఆపైన హయ్యర్ టైపు పరీక్షలు కట్టేవారు. లోయర్‌కు నిమిషానికి 30 మాటల వేగం, హయ్యర్‌కు 45.

ఆ కాగితానికి విలువ ఎందుకుండేదో చూడాలి. నేర్పేది వీధిలోని మాస్టారు, పరీక్ష పెట్టేది ప్రభుత్వ సాంకేతిక విద్యా మండలి. మాస్టారు ఎంత ఇష్టపడినా శిష్యుణ్ణి పాస్ చేయలేడు. నేర్పే చెయ్యి వేరు, తూచే చెయ్యి వేరు. ఆ తరువాత వచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నూ నేను ఈ ఒక్క ప్రశ్నతోనే చూస్తాను.

కంప్యూటర్ మన పట్టణాలకు వచ్చేసరికి ఈ లెక్క తారుమారైంది. 1981లో ఎన్ఐఐటీ, 1986లో ఆప్టెక్ పుట్టాయి. కొన్నేళ్లకే ఆ తరహా శిక్షణ కేంద్రాలు జిల్లా కేంద్రాలకూ, ఆపైన చిన్న పట్టణాలకూ పాకాయి. టైపు ఇన్‌స్టిట్యూట్లు బోర్డు మార్చి "కంప్యూటర్ సెంటర్" అని రాయించుకున్నాయి. నేర్పేదీ, పరీక్ష పెట్టేదీ, సర్టిఫికెట్ అచ్చు వేసేదీ అక్కడే. బంగారు రంగు ముద్ర, లామినేషన్, లోపల ఏ మండలి సంతకమూ ఉండదు. ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికే కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) కలిసి 1990లో డోయెక్ పథకం తెచ్చాయి. ఓ, ఏ, బీ, సీ అని నాలుగు మెట్లు. చదువు ఏ ప్రైవేటు కేంద్రంలోనైనా సాగవచ్చు, పరీక్ష మాత్రం దేశమంతటికీ ఒకటే. టైపు లోయర్ నాటి పద్ధతే మళ్లీ వచ్చిందన్నమాట. ఆ సంస్థే 2011లో నైలిట్‌గా మారింది. ఓ లెవెల్ కష్టమని వదిలేసి, తేలికగా వచ్చే కాగితం వైపు మళ్లినవారే మన దగ్గర ఎక్కువని నాకనిపిస్తుంది.

విశ్వవిద్యాలయాలు ఇచ్చే పీజీడీసీఏ, అంటే డిగ్రీ తరువాత చదివే ఏడాది కంప్యూటర్ డిప్లొమా, సంగతి వేరు. దాని వెనుక ఒక లెక్క ఉంది. ఇంటర్ దాకా పన్నెండు, డిగ్రీ మూడు, మొత్తం పదిహేనేళ్లు. అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ నాలుగేళ్లు కనుక అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు పదహారేళ్ల చదువు అడిగేవి. బీటెక్ వాళ్లకు ఆ చిక్కు లేదు. కాకినాడలో 1946 నాటి ఇంజనీరింగ్ కళాశాల, భీమవరంలో 1980లో వచ్చిన ఎస్ఆర్‌కేఆర్ వంటి వాటిలో సీటు దొరికినవారు నేరుగా వెళ్లగలిగారు. దొరకని ఎంపీసీ బీఎస్సీ విద్యార్థులకు ఒక్క ఏడాది తక్కువైంది. ఆ లోటు పూడ్చడానికి కొందరు ఏడాది పీజీడీసీఏ చదివారు. ఓపిక, ర్యాంకు ఉన్నవారు ఐసెట్ ప్రవేశపరీక్ష రాసి అప్పట్లో మూడేళ్ల కంప్యూటర్ పీజీ అయిన ఎంసీఏకు వెళ్లారు. వరి పొలాల మధ్య నుంచి సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన బీఎస్సీ తరానికి నిజమైన వంతెన ఎంసీఏనే.

ఇంతలో 2000 సంవత్సరపు తేదీల సమస్య వచ్చింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండు అంకెలే ఉండటంతో వాటిని సవరించేవాళ్లు వేలల్లో కావలసివచ్చారు. అమెరికా ఇచ్చే హెచ్1బీ ఉద్యోగ వీసాల వార్షిక పరిమితి 65,000 నుంచి 1999లో 1,15,000కు, 2001లో 1,95,000కు పెరిగింది. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ చేరినవారు అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో మూడు నెలల కోర్సుతో విమానమెక్కిన రోజులవి. 2001లో డాట్‌కామ్ కంపెనీలు కూలినప్పుడు ముందుగా వెనక్కి వచ్చింది వీరిలోని వారే. వీసా పరిమితి 2004లో మళ్లీ 65,000కు దిగింది. తరువాత చేర్చిన 20,000 వీసాలు అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకు మించిన డిగ్రీ చదివినవారికే. సర్టిఫికెట్ ఒక్కటే ఉన్నవారికి అందులో చోటు లేదు.

ఇక్కడ ఇంకో కథ నడిచింది. ఇంజనీరింగ్ కళాశాలలు ఊరూరా వెలిశాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, బీటెక్ పట్టా మామూలైపోయింది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సాగు గిట్టక పంట విరామం ప్రకటించారు. సార్వా వదులుకున్న ఇళ్లలో పిల్లల చదువు మీదే ఆశ మిగిలింది. అందరి దగ్గరా అదే డిగ్రీ ఉన్నప్పుడు దానిపైన ఇంకేదో కావాలి. సర్టిఫికెట్ల బేరం మళ్లీ పుంజుకున్నది అందుకే.

చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ డిగ్రీ ఇచ్చే హక్కును విశ్వవిద్యాలయాలకూ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థలకూ పరిమితం చేసింది. ఆ సెక్షన్ మాట్లాడేది డిగ్రీ గురించే. "సర్టిఫికెట్" అన్న మాటకు అలాంటి కంచె లేదు. అందుకే వీధి చివరి కేంద్రమూ, పేరున్న విశ్వవిద్యాలయమూ ఒకే మాట వాడుకోగలుగుతున్నాయి.

కాబట్టి అమెరికా గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్‌ను పేరు చూసి కాదు, లోపలి క్రెడిట్లు చూసి తూచాలి. ఆ క్రెడిట్లు అదే విశ్వవిద్యాలయం మాస్టర్స్‌లో కలుస్తాయా? కలిస్తే ఇది సగం దూరం వచ్చిన ప్రయాణం. కలవకపోతే ఖరీదైన కాగితం. పూర్తిగా ఆన్‌లైన్ కోర్సుకు విద్యార్థి వీసా రాదు. అక్కడికి వెళ్లి చదివినా, శాస్త్ర సాంకేతిక విద్యార్థులకు చదువయ్యాక ఇచ్చే అదనపు 24 నెలల పని అనుమతికి సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, డిగ్రీ ఉండాలి. ఏజెంట్లు ఈ మాట ముందే చెప్పాలి. చెప్పకుండా ఫీజు కట్టించుకోవడం దగా.

భర్త ఉద్యోగంతో హెచ్4 వీసా మీద వెళ్లిన మన అమ్మాయిల సంగతి మాత్రం వేరు. ఆ వీసాతో చదువుకోవచ్చు. ఉద్యోగానికి 2015 వరకు దారి లేదు, ఆ తరువాత కొందరికే వచ్చింది. పిల్లల్ని చూసుకుంటూ సెమిస్టరుకు ఒక్కో సబ్జెక్టు చదివి, ఆగిపోయిన చదువుకు మళ్లీ ప్రాణం పోసుకోవడానికి ఇంతకంటే అనువైన కోర్సు నాకు కనిపించలేదు.

మన దేశంలోనూ ఇలాంటి మెట్లు కడుతున్నారు. 2020 జాతీయ విద్యావిధానం డిగ్రీకి నాలుగో ఏడాది అవకాశం ఇచ్చింది, మధ్యలో ఆగినవారికి సర్టిఫికెట్, డిప్లొమా ఇవ్వాలంది. ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సు ఆ పద్ధతిలోనే నడుస్తోంది. పాఠాలు ఇంట్లోనే వినవచ్చు, ముఖ్య పరీక్షలు కేంద్రానికి వెళ్లి రాయాలి.

రాజోలు దగ్గర ఒక పల్లెలో నాకు తెలిసిన అమ్మాయి నిరుడు ఆగస్టులో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్‌లో చేరింది. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఆరున్నర తరగతి మనకు తెల్లవారుజామున నాలుగు. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక అది అయిదైంది. ఇంట్లో ఎవరికీ నిద్ర చెడకూడదని వసారాలో కూర్చుని వింటుంది. బల్ల మీద లాప్‌టాప్, పక్కన ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో అన్నిటికంటే పైన, మార్కుల మెమోలకంటే పైన, అక్కడి విభాగం పంపిన ఈమెయిలు ప్రింటు ఉంది. నాలుగు సబ్జెక్టుల పేర్లు, ఒక్కోదాని ఎదుట మూడు క్రెడిట్లు, కింద ఒక వాక్యం: ఈ 12 క్రెడిట్లూ మాస్టర్స్‌లో కలుపుకుంటాం. ఫీజు కట్టకముందే ఆమె రాసి అడిగి తెప్పించుకున్నది అది.