రిఫరల్ కోసం ఆగొద్దు: ఈసీహెచ్ఎస్‌పై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో మాజీ సైనికుల మెడికల్ క్లెయిమ్ కాగితాలు సర్దిపెట్టడం రిటైరయ్యాక నాకు ఒక పనిగా మారింది. ఈసీహెచ్ఎస్ అంటే మాజీ సైనికులకు, వాళ్ల కుటుంబాలకు ఉన్న ఆరోగ్య పథకం. దాని సొంత క్లినిక్కే పాలీక్లినిక్, అక్కడి డాక్టరు పెద్దాస్పత్రికి రాసిచ్చే చీటీయే రిఫరల్. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేశాను కాబట్టి, మనవాళ్లలో ఎవరికి నొప్పొచ్చినా డాక్టరు కంటే ముందు నాకు ఫోన్ వస్తుంది. అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే. "రాత్రి నుంచీ గుండె పట్టేసినట్టుంది బాబూ. ఇయాల ఆదివారం, పాలీక్లినిక్ ఉండదు. రిఫరల్ లేకండా యెల్తే పైసా రాదంట గదా, రేపటిదాకా ఆగీమంటావా?"

ఆగకండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ ఎవరో ఒకరు వాట్సాప్‌లో పాత మెసేజ్ ఫార్వర్డ్ చేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: రిఫరల్ లేకుండా ఆస్పత్రిలో చేరితే ఈసీహెచ్ఎస్ డబ్బులివ్వదు.

వాస్తవం: రిఫరల్ అన్నది మామూలు వైద్యానికి. గుండెపోటు, పక్షవాతం, ఊపిరాడకపోవడం, పెద్ద ప్రమాదం, పాముకాటు, భరించలేని కడుపునొప్పి లాంటి ప్రాణాపాయంలో ఏ కాగితమూ అక్కర్లేదు. దగ్గర్లో ఎంపానెల్డ్ ఆస్పత్రి, అంటే ఈసీహెచ్ఎస్ లిస్టులో ఉన్న ఆస్పత్రి ఉంటే కార్డు చూపించి చేరండి. ఎమర్జెన్సీ అడ్మిషన్ అని ఆన్‌లైన్‌లో తెలియజేసే బాధ్యత వాళ్లదే, వైద్యం క్యాష్‌లెస్. ఎంపానెల్డ్ ఆస్పత్రి దూరంగా ఉంటే ఏది దగ్గరైతే అందులో చేరండి, లిస్టులో లేకపోయినా సరే. అక్కడ ముందు మీరు కట్టుకుని తర్వాత క్లెయిమ్ పెట్టుకోవాలి.

సోంపేట వైపు ఒక హవల్దార్ గారు. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి, చెమటలు. కొడుకు బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం), ఆధార్ జిరాక్సులు, పాత ఈసీజీ, రబ్బరు బ్యాండు వేసిన ఈసీహెచ్ఎస్ కార్డులు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. పాలీక్లినిక్ తెరిచేదాకా ఆగారు. రిఫరల్ రాయించుకుని కారులో విశాఖ బయల్దేరారు. టెక్కలిలో ఆగలేదు, శ్రీకాకుళంలో ఆగలేదు, లిస్టులో పేరున్న ఆస్పత్రికే వెళ్లాలని పట్టుబట్టారు. మనిషి బతికాడు. కానీ గుండె కండరం చాలావరకు దెబ్బతింది. ఇప్పుడు మేడ మెట్లు ఎక్కాలంటే మధ్యలో కూర్చుంటారు. ఆ కుటుంబాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఎవరో గట్టిగా చెప్పారు, వాళ్లు భయపడ్డారు.

గుండెపోటులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి కొన్ని గంటల్లో పడితేనే పూర్తి ప్రయోజనం. అది పడ్డాక విశాఖకు తరలించొచ్చు. 108కి ఫోన్ చేయండి. ప్రభుత్వాస్పత్రి దగ్గరైతే అక్కడికే వెళ్లండి, నామోషీ ఏమీ లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, డబ్బు పోయేది నిజంగా దీనివల్లే. లిస్టులో లేని ఆస్పత్రిలో చేరితే 48 గంటల్లో దగ్గర్లోని పాలీక్లినిక్‌కి తెలియజేయాలి. ఫోన్ చేశామంటే రేపు ఎవరూ ఒప్పుకోరు. ఈమెయిల్ పెట్టండి, లేదా కాగితం ఇచ్చి అందినట్టు కాపీ మీద సంతకం పెట్టించుకోండి. మీ సొంత పాలీక్లినిక్కే అవ్వాలని లేదు. హైదరాబాద్‌లో కూతురి ఇంట్లో ఉండగా పడిపోతే అక్కడి పాలీక్లినిక్‌కి చెప్తే చాలు. డిశ్చార్జి అయ్యేటప్పుడు ఎమర్జెన్సీ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, విడివిడిగా రాసిన బిల్లులు, ఒరిజినల్ రసీదులు, రిపోర్టులు అడిగి తీసుకోండి. నెల తర్వాత వెళ్లి అడిగితే బిల్లింగ్ కౌంటర్లో మన మొహం కూడా చూడరు. ఇంకోటి, కట్టినదంతా వెనక్కి రాదు, సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) రేట్ల మేరకే వస్తుంది. అలాగని మోకాలి నొప్పిని ఎమర్జెన్సీ అని రాయించుకొస్తే నేనేం చేయలేను.

ఉద్దానం నుంచి డయాలసిస్‌కి వెళ్లేవారికి ఈ ఎమర్జెన్సీ మినహాయింపు వర్తించదు. అది ముందే తెలిసిన వైద్యం కాబట్టి రిఫరల్ ఉండాలి. గడువు అయిపోయేదాకా చూడకుండా ముందే కొత్తది రాయించుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ఐదు లక్షల కార్డు వచ్చింది కదా, ఇక ఈసీహెచ్ఎస్ ఎందుకు?" 2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటినవారికి కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన గురించి ఈ ప్రశ్న. ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్లు రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. అందులో ఏడాదికి ఐదు లక్షల పరిమితి ఉంది, ఓపీ మందులు రావు. ఈసీహెచ్ఎస్‌లో డబ్బు పరిమితి లేదు, నెలనెలా బీపీ, షుగర్ మందులూ వస్తాయి. ఊళ్లో క్యాంపు పెట్టారు కదా అని వేలిముద్ర వేసే ముందు ఒక్కసారి ఆలోచించండి.

"చందా కట్టలేక చేరలేదు." 1996 జనవరి 1కి ముందు రిటైరైనవారికి చందాయే లేదు. ఈ పథకం మొదలైందే 2003 ఏప్రిల్‌లో, అప్పటికే మీరు ఇంటికొచ్చేశారు. మీకు కార్డు చేయిస్తామని వేలకు వేలు అడిగేవాళ్లు బ్రోకర్లే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగండి. విజయనగరం వాళ్లకి విజయనగరంలోనే ఆఫీసుంది.

"పెన్షన్ ఖాతాకి బ్యాంకువాళ్లు లక్షల్లో ఇన్సూరెన్స్ ఇచ్చారు." చాలావరకు అది ప్రమాద బీమా. జ్వరానికీ, గుండెకీ రాదు.

"65 దాటాక ప్రైవేటు పాలసీ ఇవ్వరు." ఆ వయోపరిమితిని 2024 ఏప్రిల్ నుంచి తీసేశారు. కానీ ఆ వయసులో ప్రీమియం చూస్తే కళ్లు తిరుగుతాయి. పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావొచ్చు. ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్లను కొనమని నేనైతే చెప్పను.

చివరిది, ఆడవాళ్ల గురించి. భర్త పోతే కార్డూ పోయినట్టేనని దాన్ని ట్రంకు పెట్టెలో పడేసి, మందులు బయట కొనుక్కునే అమ్మలు ఇప్పటికీ కనిపిస్తారు. ఫ్యామిలీ పెన్షన్ వచ్చే భార్య తన పేరునే కార్డు తీసుకోవచ్చు. అయితే పీపీఓలో "అప్పలనర్సమ్మ", ఆధార్‌లో "నరసమ్మ" అని ఉంటే ఫ్యామిలీ పెన్షనూ ఆగుతుంది, కార్డూ ఆగుతుంది. ఆయన ఉండగానే, ఆయన సర్వీసు వివరాలుండే రికార్డ్ ఆఫీసుకు రాసి, పేరు సరిచేస్తూ పార్ట్ టూ ఆర్డర్ వేయించండి. లేకపోతే ఆయన పోయాక ఆమె ఒక్కతే ఆధార్ సెంటర్‌కీ సైనిక సంక్షేమ కార్యాలయానికీ మధ్య తిరగాల్సొస్తుంది.