వాన తగ్గలేదు, వరస తప్పింది: పాలమూరు, నల్లగొండ కరువుపై అపోహలు - వాస్తవాలు

బావుల్లో నీటిమట్టం కొలవడం నా పని. పంతొమ్మిదేళ్లుగా పాత మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాల ఊళ్లలో రైతులతో కలిసి వాన కొలుస్తున్నాను, బోర్లు కొలుస్తున్నాను, యాసంగికి (రబీకి) ముందు కూర్చుని నీళ్ల లెక్క వేస్తున్నాను. ఈ ఊళ్లలో పదే పదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం నిజం ఉంటుంది కాబట్టే అంత గట్టిగా నాటుకుపోయాయి. మిగతా సగాన్ని నమ్మి రైతులు అప్పులపాలవుతున్నారు. అడగాల్సిన వాళ్లను అడగడం కూడా మానేస్తున్నారు. అది చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

అపోహ: "వానలు పడ్తలేవు. అందుకే ఈ కరువు."

వాస్తవం: మనది ఎప్పుడూ తక్కువ వాన నేలే. ఏడాదికి అటూ ఇటుగా 600 నుంచి 700 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఒక ఏడు పెరుగుతుంది, ఒక ఏడు తగ్గుతుంది. కానీ నా రిజిస్టర్లన్నీ ముందేసుకుని చూస్తే మొత్తం వాన తగ్గినట్టు కనిపించదు. మారింది దాని వరస.

ఒక ఊళ్లో పంచాయతీ ఆఫీసు డాబా మీద రెయిన్‌గేజ్ పెట్టాం. మహిళా సంఘం అక్క ఒకామె రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు మెట్లెక్కి, సీసాలో నీళ్లు కొలిచి నోట్‌బుక్‌లో రాస్తుంది. ఒక జులై పేజీ నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. వరసగా ఇరవై రెండు సున్నాలు. ఇరవై మూడో గడిలో 94. ఆ అంకె కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. ఆ ఇరవై రెండు రోజుల్లో ఊళ్లో పత్తి గింజలు ఒకసారి మొలిచి మాడాయి, రెండోసారి విత్తారు. ఆ 94 మిల్లీమీటర్ల రాత్రి రెండోసారి విత్తినవి కూడా సాళ్లలోంచి కొట్టుకుపోయాయి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్లకు పైనే. అంటే ఆ ఒక్క రాత్రి ఎకరానికి 3.8 లక్షల లీటర్లు. నేల అంత తొందరగా తాగలేదు. మట్టిని కూడా వెంటేసుకుని నీళ్లు వాగులో పడ్డాయి. నెల మొత్తం లెక్క చూస్తే ఆ జులైలో వానకు లోటు లేనట్టే. రైతు మాత్రం రెండుసార్లు గింజలు కొన్నాడు.

ఎందుకిలా అంటే, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. పందొమ్మిదో శతాబ్దంతో పోలిస్తే భూమి ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. కాబట్టి చాలా రోజులు బిగబట్టి, పడినప్పుడు కుండపోతగా పడుతుంది. మధ్య భారతంలో అతిభారీ వానల ఘటనలు 1950 నుంచి 2015 మధ్య మూడింతలు పెరిగాయని 2017లో శాస్త్రవేత్తలు తేల్చారు. మనకు 2009 గుర్తుంటే చాలు. ఆ ఏడు దేశమంతా నైరుతి వానలు 22 శాతం తక్కువ పడ్డాయి, పైర్లు ఎండాయి. అక్టోబరు మొదటి వారం వచ్చేసరికి తుంగభద్ర, కృష్ణ పొంగి పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురం మునిగింది. కరువూ వరదా ఒకే జిల్లాకు, ఒకే ఏడాదిలో వచ్చాయి.

అపోహ: "ఇంకో వంద ఫీట్లు దింపితే నీళ్లు తగుల్తయి."

వాస్తవం: ఈ మాట వల్ల నాశనమైనన్ని కుటుంబాలు ఇంకే మాట వల్లా కాలేదని నా నమ్మకం.

ఒక మార్చి నెల రాత్రి బోరు బండి దగ్గర ఒక రైతు పక్కన నిలబడ్డాను. అది ఆయనకు నాలుగో బోరు. కొబ్బరికాయతో పాయింట్ పెట్టించారు. రెండు వందల అడుగులు దాటేసరికే పైకి వచ్చేది తెల్ల దుమ్ము తప్ప ఇంకేం లేదు. ఆయన గుప్పెట్లో ఆ పిండి పట్టుకుని తడి ఉందేమోనని వేళ్లతో నలిపి చూస్తున్నాడు. "సారూ, ఇంకో వంద ఫీట్లు దింపితే గ్యారంటీ అంటున్నడు," అన్నాడు. వద్దన్నాను. 620 అడుగుల దగ్గర బండి ఆగింది. పొద్దున చూస్తే వేపచెట్టు ఆకులు తెల్లగా, ఆయన తల తెల్లగా.

మన కింద ఉన్నది గ్రానైట్. మా వైపు చాలాచోట్ల పై 50, 60 అడుగులు మెత్తబడిన రాయి, దాని కింద మరికొంత దూరం పగుళ్ల రాయి. నీళ్లు ఉండేవి ప్రధానంగా ఆ రెండింటిలోనే. అంతకన్నా లోతుకు పోతే గట్టి బండ. ఎక్కడో ఒక పగులు తగిలితే అదృష్టం, అదీ కొన్ని నెలల్లో అయిపోతుంది. పైగా రాతిని ఎక్కువ కాలం అంటిపెట్టుకున్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎముకలు దెబ్బతింటాయి. ఆ బాధ ఏమిటో నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అసలు లెక్క ఇది. పడిన వానలో భూమిలోకి ఇంకేది సుమారు పదో వంతు. 650 మిల్లీమీటర్ల వానకు 65 అనుకుందాం. ఎకరం మీద అది 2.6 లక్షల లీటర్లు. యాసంగి వరికి ఎకరానికి 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లకు పైనే కావాలి. పద్దెనిమిది ఎకరాల మీద ఇంకిన నీళ్లు ఒక్క ఎకరం వరి తాగేస్తుంది. మడిలోంచి కొంత తిరిగి ఇంకుతుంది కదా అంటారు. నిజమే. అది తీసేసినా పదెకరాలకు తగ్గదు. ఊళ్లో అందరం వరి వేస్తే ఆ పదెకరాలు ఎక్కడున్నాయి?

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. రైతుకు ఆశ ఎక్కువైంది, అందుకే వరి వేస్తున్నాడు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. వడ్లకు ఊళ్లోనే కొనుగోలు కేంద్రం. 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్. జొన్నకు, ఆముదానికి, కందికి అంత భరోసా ఎవరిచ్చారు? బోరు వేయాలంటే అనుమతి కావాలని 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. బోరు బండి ముందు ఆ చట్టాన్ని అడ్డం పెట్టినవాళ్లను నేను ఇన్నేళ్లలో చూడలేదు.

అపోహ: "మొక్కలు నాటితే వాతావరణం అదే బాగవుతది."

వాస్తవం: నాటండి. వేప, చింత, కానుగ, మనకు నీడ కావాలి. కానీ భూమి వేడెక్కుతున్నది ముఖ్యంగా బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చడం వల్ల. మన నల్లగొండ జిల్లాలోనే దామరచర్ల దగ్గర కృష్ణ ఒడ్డున 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టారు. ఒక పక్క దాన్ని కడుతూ, ఇంకో పక్క మొక్కల కార్యక్రమంలో ఫొటోలు దిగితే రెండూ చెల్లుకు చెల్లు కావు.

అపోహ: "కాల్వ వస్తే అన్ని బాధలు పోతయి."

వాస్తవం: కాల్వ కావాలి. అడగడం మన హక్కు. కానీ శ్రీశైలం నుంచి నల్లగొండకు నీళ్లు తేవాల్సిన దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం రెండు దశాబ్దాలుగా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దాని పైకప్పు కూలి ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది, మొదటి పంపు తిరిగింది 2023 సెప్టెంబరులో. కాల్వ ఉన్నవాళ్లకైనా నదిలో నీళ్లుండాలి. 2023లో ఎగువన వానలు సరిగా లేక సాగర్ నిండలేదు, ఆ యాసంగిలో ఎడమ కాల్వ రైతులు ఎండిన తూముల దగ్గర కూర్చున్నారు.

నాయకులు పట్టించుకోకపోవడం మనకు కొత్త కాదు, మనవాళ్లు నిలదీయడమూ కొత్త కాదు. 1996లో దుశర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి పిలుపుతో, ఫ్లోరైడ్ నీళ్లు తాగలేమని చెప్పడానికి, నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఏకంగా 480 మంది బరిలో నిలిచారు. దేశం అంతా మన వైపు చూసింది. ఆ ఏడాదే ఎన్నికల డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారు. ఇంటింటికీ నది నీళ్లు ఇస్తామన్న మిషన్ భగీరథ మొదలైంది 2016లో. మధ్యలో ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లలో పుట్టి, కాళ్లు వంకర పోయిన పిల్లల ఇళ్లకు నేను వెళ్లాను.

ఇప్పుడు అడగాల్సినవి వేరే కూడా ఉన్నాయి. 2020లో రాష్ట్రం కేంద్ర పంటల బీమా పథకం ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చింది. ఆ తర్వాత వడగళ్లు పడినప్పుడల్లా అప్పటికప్పుడు ప్రకటించే సాయం కోసమే రైతు ఎదురుచూడాల్సి వచ్చింది. వాన వరస తప్పిన కాలంలో బీమా లేకుండా సేద్యం చేయమనడం అన్యాయం.

అపోహ: "ఎండలు మాకు కొత్తనా?"

వాస్తవం: 2015 మేలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లంతా ఎండ ఎరుగని వాళ్లు కాదు. ఒళ్లు పగలు ఎక్కిన వేడిని రాత్రి చల్లార్చుకోవాలి. రేకుల ఇంట్లో రాత్రి కూడా ఉక్కపోస్తే తెల్లారి ఉపాధి పనికి వెళ్లిన మనిషి అప్పటికే అలసిపోయి ఉంటాడు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల సాయం అంది. మంచి పని. అయితే కారణం కాగితం మీదికి ఎక్కాలి. గుండెపోటు అని రాసేస్తే ఆ ఇంటికి ఏమీ రాదు. ఇలాంటి చావు జరిగితే ఆ రోజే ఆశా కార్యకర్తకు, ఎమ్మార్వో ఆఫీసుకు తెలియజేయండి.

అపోహ: "ఇంత పెద్ద సమస్యకు ఒక ఊరు ఏం చేస్తది?"

వాస్తవం: భూమి వేడిని ఒక ఊరు ఆపలేదు. తన నీళ్లను మాత్రం కాపాడుకోగలదు. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో మహబూబ్‌నగర్, నల్లగొండ సహా ఏడు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులే భూగర్భజలాన్ని కొలిచారు. వాన ఎంత, బోర్ల మట్టం ఎంత, యాసంగికి ఎంత మిగిలింది అని గోడ మీద రాశారు. జరిమానాలు లేవు, ఎవరి మీదా ఒత్తిడి లేదు. లెక్క కళ్ల ముందు కనిపించాక చాలామంది తమంతట తాము వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు. నిధులు ఆగాక నాకు తెలిసిన చాలా ఊళ్లలో కొలవడం కూడా ఆగిపోయింది, అదీ చెప్పాలి. కొలతకు జీతం ఇచ్చే బాధ్యత పంచాయతీ తీసుకుని ఉంటే అవి నిలిచేవి.

రెయిన్‌గేజ్ ఉన్న ఊళ్లో మాత్రం ఆగలేదు. నిరుడు అక్టోబరులో చావడి దగ్గర కూర్చుని లెక్క వేశాం. నలుగురు పక్క పక్క రైతులు కొత్త బోరు మానుకుని, ఉన్న ఒక్క బోరునే పైపు వేసి పంచుకున్నారు. నలుగురూ వేరుశనగే వేశారు. మే నెలలో టేపు దించితే మట్టం అంతకు ముందేడు కన్నా ఏడు అడుగులు పైన ఉంది. మూడుసార్లు దించి చూశాం.

ఊరి చెరువు మాత్రం నిండలేదు. పూడిక తీశారు, కట్ట బాగు చేశారు, తూము మార్చారు. కానీ పై కుంట అలుగు పారితే ఇటు నీళ్లు తెచ్చే కాల్వను ఒక వెంచర్‌వాళ్లు మట్టి పోసి చదును చేశారు. అక్క నోట్‌బుక్‌లోంచి ఆరేళ్ల వాన లెక్క జిరాక్స్ తీసి, కాల్వ ఉన్నట్టు చూపే పాత గ్రామ నక్షా జతచేసి, ఊరివాళ్లు అర్జీ పెట్టారు. మొదటి అర్జీకి జవాబు రాలేదు. రెండోదాని మీద 140 మంది సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. వచ్చే గ్రామసభలో మొదటి అంశం అదే.